నట్టల మందుకు ముందునాటి మేతే కీలకం

పాడి పశువులకు, గొర్రెలు మేకలకు పోసే నట్టల మందు ఒంటికి ఎంతవరకు పడుతుందనేది అవి ముందురోజు తిన్న మేతపై చాలావరకు ఆధారపడి ఉంటుంది. అదే మందు, అదే మోతాదు, అదే ధర. అయినా పచ్చిమేతతో పొట్ట బిగిసి ఉన్న పశువుకు పోసినప్పుడు ఒక తీరుగాను, పొట్ట కొంత ఖాళీగా ఉన్నప్పుడు పోస్తే మరో తీరుగాను పనిచేస్తుంది. పాల బిల్లు మీద, జీవాల అమ్మకం మీద ఇల్లు గడిపే చిత్తూరు జిల్లా రైతుకు ఇది వైద్యం సంగతే కాదు, రాబడి సంగతి కూడా. మందుకు పెట్టిన డబ్బు పూర్తిగా గిట్టాలంటే సీసా కొనడానికి ముందే మేత లెక్క చూసుకోవాలి.

వానల రోజుల్లోనే చిక్కు

కాణిపాకం, ఇరాల పరిసర గ్రామాల్లో పశువుల మేత ఏడాది పొడవునా ఒకే తీరున ఉండదు. ఎండాకాలంలో వరిగడ్డి, ఎండుచొప్ప, వామి వేసి దాచుకున్న వేరుశనగ కట్టె ఆధారం. నైరుతి వానలు పడ్డాక బీళ్లలో, గట్ల వెంట, చెరువు కట్టల మీద పచ్చిక లేస్తుంది. వినాయక చవితితో ఆరంభమయ్యే కాణిపాకం బ్రహ్మోత్సవాల నాటికి మందలకు బయటి మేత బాగా దొరుకుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు ఆ పచ్చదనాన్ని మరికొన్నాళ్లు నిలుపుతాయి. బోరు నీరున్న రైతులు నేపియర్ గడ్డి, పచ్చిజొన్న కోసి వేస్తారు. చెరకు నరికే రోజుల్లో కొసలు కట్టలు కట్టలుగా కొట్టాలకు చేరతాయి.

నట్టల బెడద కూడా సరిగ్గా ఈ పచ్చిక రోజుల్లోనే పెరుగుతుంది. గొర్రెలు, మేకల నాలుగో పొట్టలో చేరి రక్తం పీల్చే హీమాంకస్ అనే పురుగు ఇందుకు మంచి ఉదాహరణ. ఆడపురుగు ఒక్కటే రోజుకు 5,000 నుంచి 10,000 వరకు గుడ్లు పెడుతుంది. పెంటికలతో నేల మీద పడిన గుడ్లు తడి, వెచ్చదనం దొరికితే వారం లోపే పశువుకు సోకగల పిల్లపురుగులుగా మారి గడ్డి పరకల మీదికి పాకుతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె పొట్టలో దాదాపు 3 వారాలకు అవి మళ్లీ గుడ్లు పెట్టే దశకు వస్తాయి. నీరు నిలిచిన చెరువు అంచులు, కాలువ గట్లలో నత్తల ద్వారా జలగల వ్యాధి కూడా సోకుతుంది.

ఒక్కో హీమాంకస్ పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తం పీలుస్తుందని అంచనా. 1,000 పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు, 5,000 ఉంటే పావు లీటరు పోయినట్లే. పాతిక కిలోల గొర్రెకు ఇది తట్టుకోలేని నష్టం. కనుగుడ్డు లోపలి పొర పాలిపోవడం, కింది దవడకు నీరు దిగడం, మంద వెనక పడిపోవడం దీని గుర్తులు.

అంటే మందు అవసరం ఎక్కువగా ఉండే రోజులూ, పశువు పొట్ట పచ్చిమేతతో నిండి ఉండే రోజులూ ఒకటే. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మందు పొట్టలో ఏమవుతుంది?

నెమరువేసే పశువుకు నాలుగు పొట్టలుంటాయి. మొదటిదైన నెమరు పొట్ట అన్నిటికన్నా పెద్దది. పెద్ద ఆవులో దానికి వంద లీటర్లకు పైగా పట్టే జాగా ఉంటుంది. తిన్న మేత అక్కడ ఒకటి రెండు రోజులు నాని, పులిసి, చిన్న చిన్న ముక్కలై క్రమంగా ముందుకు సాగుతుంది.

మన రైతులు ఎక్కువగా వాడే అల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఒకే కుటుంబానికి చెందిన మందులు. ఈ కుటుంబంలో మొదట పేరు పొందిన థయాబెండజోల్ 1961లో బయటకు వచ్చింది. అల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ 1970ల నాటివి. వీటి ముఖ్య లక్షణం నీటిలో సరిగా కరగకపోవడం. సీసా కదిపి పోయమని చెప్పేది అందుకే. మందు పొడి రూపంలో అడుగుకు చేరి ఉంటుంది. పొట్టలోకి వెళ్లాక ఆ పొడి మేత ముక్కలకు అంటుకుని, నెమరు పొట్టను ఒక గాదెలా చేసుకుని, కొద్దికొద్దిగా ముందుకు పోతుంది. నాలుగో పొట్టలోని పులుపులో కరిగి, పేగుల నుంచి రక్తంలోకి చేరుతుంది. కాలేయంలో మార్పు చెంది, మళ్లీ రక్తం ద్వారా పొట్టలోకి, పేగుల్లోకి వచ్చి పురుగును తాకుతుంది.

ఈ మందులు పురుగును ఒక్క దెబ్బతో చంపవు. పురుగు కణాల్లోని ఒక మాంసకృత్తును పట్టుకుని, అది ఆహారం తీసుకోలేకుండా చేస్తాయి. అందుకు వ్యవధి కావాలి. పురుగుకు మందు ఎన్ని గంటలు తగులుతూ ఉందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

ఇప్పుడు మేత సంగతి చూద్దాం. లేత పచ్చిగడ్డిలో నీరు ఎక్కువ, నార తక్కువ. అది నెమరు పొట్టలో ఎక్కువసేపు నిలవదు. దానితోపాటే మందు కూడా త్వరగా కిందికి జారి, పూర్తిగా కరగకముందే పేడలో కలిసిపోతుంది. ఎండుగడ్డి, చొప్ప వంటి నారమేత నెమ్మదిగా కదులుతుంది. మందు కూడా దానితోపాటు నిలుస్తుంది. మేత తగ్గించినప్పుడు పొట్టలోని సరుకు కదలిక ఇంకా మందగిస్తుంది. కరగడానికి, రక్తంలో చేరడానికి మందుకు తగిన సమయం దొరుకుతుంది.

పరీక్షల్లో తేలినదేమిటి?

ఇది ఊహ మీద చెప్పే మాట కాదు. ఆస్ట్రేలియాలో అలీ, హెన్నెసీ అనే శాస్త్రజ్ఞులు 1993లో ప్రచురించిన పరిశోధనలో గొర్రెలకు మేత తగ్గించి, అదే కుటుంబంలోని ఆక్స్‌ఫెండజోల్ ఇచ్చి చూశారు. మేత తగ్గినప్పుడు పొట్టలోని సరుకు నెమ్మదిగా సాగింది, రక్తంలో మందు పెరిగింది, పురుగులపై దాని పనితనం కూడా పెరిగింది. మందుకు కొంత అలవాటుపడిన పురుగుల మీద సైతం మేత తగ్గించడం వల్ల మేలు కనిపించిందని వారే 1995లో వెల్లడించారు. 1996లో నోటి ద్వారా ఇచ్చే ఐవర్‌మెక్టిన్‌పైనా ఇలాంటి ఫలితాన్నే చూపారు. ఆ మందు కూడా మేత ముక్కలకు గట్టిగా అంటుకునే స్వభావం గలది.

అర్జెంటీనాలో లనుస్సే బృందం 1990లలో దూడలపై అల్బెండజోల్‌ను పరీక్షించింది. మందుకు ముందు మేత ఆపిన దూడల్లో మందు ఎక్కువగా ఒంటికి పట్టింది. తిండి చాలక చిక్కిపోయిన పశువుల్లో మందు నడక మారిపోతుందని కూడా వారు గమనించారు. పూట పస్తు వేరు, నెలల తరబడి అరకడుపు వేరు. మొదటిది మందుకు సాయపడుతుంది. రెండోది పశువునే దెబ్బతీస్తుంది. ఈ రెంటినీ కలిపి చూడరాదు.

మనుషుల విషయంలో ఇదే అల్బెండజోల్ కొవ్వు గల భోజనంతో తీసుకుంటే రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. ఆ మాట విని పశువులకు కూడా బాగా మేపి మందు పోయడం మంచిదనుకునేవారున్నారు. మనిషిది ఒక్క పొట్ట. నెమరువేసే పశువు లెక్క వేరు.

అన్ని మందులకూ ఒకే నియమం లేదు

మేత తగ్గించడం వల్ల లాభం అల్బెండజోల్, ఫెన్‌బెండజోల్, ఆక్స్‌ఫెండజోల్ వంటి వాటికీ, నోటి ద్వారా ఇచ్చే ఐవర్‌మెక్టిన్‌కూ వర్తిస్తుంది. 1981లో పశువైద్యంలోకి వచ్చిన ఐవర్‌మెక్టిన్‌కు మూలమైన పరిశోధనకే సతోషి ఒమురా, విలియం క్యాంబెల్‌లకు 2015లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అదే ఐవర్‌మెక్టిన్‌ను చర్మం కింద సూదిగా వేస్తే నెమరు పొట్టతో నిమిత్తం లేదు. దానికోసం పశువును పస్తు ఉంచనక్కరలేదు.

లెవమిసోల్ నీటిలో సులువుగా కరిగే మందు. గంటల్లోనే రక్తంలోకి వచ్చి, త్వరగానే పోతుంది. మేత ఆపడం వల్ల దీనికి చెప్పుకోదగ్గ లాభం లేదు. పైగా మోతాదు కొంచెం మించినా చొంగ కార్చడం, వణుకు వంటి విష లక్షణాలు చూపుతుంది. క్లోసాంటెల్ మోతాదు మించితే పశువు చూపు పోయే ప్రమాదం ఉంది. ఈ రెండు మందులను తూకం తెలియకుండా, కంటి అంచనా మీద పోయరాదు.

పోసే తీరులో మెలకువ

నోటి నుంచి వచ్చే దారిలో పశువుకు ఒక గాడి ఉంటుంది. పాలు తాగే దూడకు, మేకపిల్లకు ఆ గాడి మూసుకుని గొట్టంలా మారి, పాలను నెమరు పొట్ట తగలకుండా నేరుగా నాలుగో పొట్టకు చేరుస్తుంది. పెద్ద పశువుల్లో కూడా మందును నోటి ముందుభాగాన పోస్తే ఒక్కోసారి ఆ గాడి మూసుకుంటుంది. అప్పుడు మందు నెమరు పొట్ట అనే గాదెలో నిలవక, త్వరగా దాటిపోతుంది. అందువల్ల సిరంజి ముక్కును గానీ, వెదురు గొట్టాన్ని గానీ నోటి పక్కనుంచి పెట్టి, నాలుక వెనక భాగాన మెల్లగా వదలాలి. తల మరీ పైకెత్తి గబగబా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది.

గోలీ మింగించడానికి చిన్న బెల్లం ముద్ద వాడే అలవాటు మన జిల్లాలో ఉంది. అంత చిన్న ముద్ద వల్ల పొట్ట నిండిపోదు. కానీ మందును బుట్టెడు దాణాలోనో, కుడితిలోనో కలిపి మందకంతా పెట్టడం మంచిది కాదు. బలమైనది ఎక్కువ తింటుంది. జబ్బుపడి మేత మానిన జీవం, అంటే మందు అందరికన్నా ఎక్కువ అవసరమైనది, ఏమీ తినదు.

ఆచరణలో చేయవలసింది

ఆరోగ్యంగా ఉన్న పెద్ద గొర్రెలను, పొట్టేళ్లను ముందు సాయంత్రం మేపు నుంచి తోలుకొచ్చాక దొడ్డిలో మేత లేకుండా ఉంచి, ఉదయం బయటికి తోలకముందే మందు పోయాలి. 12 గంటల విరామం ఇలా తేలికగానే దొరుకుతుంది. ఎటువంటి పరిస్థితిలోనూ 24 గంటలు దాటరాదు. మందు పోసిన తర్వాత మరో 6 గంటలు మేత ఆపితే ఇంకా మేలు. తాగే నీరు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఆకలిగొన్న మందను ఒక్కసారిగా లేత జొన్న చేలోకో, దాణా గంపల మీదికో వదలకూడదు. కడుపుబ్బరం వస్తుంది. మొదట కొంత ఎండుమేత వేయాలి.

పాలిచ్చే సంకరజాతి ఆవును ఇలా పూర్తిగా పస్తు ఉంచడం సరికాదు. పాలు తగ్గుతాయి, ఎక్కువ పాలిచ్చే ఆవుకు ఇతర బాధలు కూడా రావచ్చు. దానికి మధ్యేమార్గం ఉంది. మందు పోసే ముందురోజు సాయంత్రం పచ్చిమేత మానిపించి, వరిగడ్డి కొద్దిగా వేసి, ఉదయం పాలు పితికిన తర్వాత, మేత వేయకముందే మందు ఇవ్వాలి. పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో, వాడకూడదో సీసా మీద రాసి ఉంటుంది. ఆ గడువు పాటించాలి.

చూడి చివరి నెలల్లో ఉన్న గొర్రెలు, మేకలు, ముఖ్యంగా కవలలు మోస్తున్నవి, పస్తును తట్టుకోలేవు. పిల్లలు, రోగం మీద ఉన్నవి, బాగా చిక్కినవి కూడా అంతే. వీటికి మేత ఆపకుండానే మందు ఇవ్వాలి. చూడి కట్టిన తొలి రోజుల్లో అల్బెండజోల్ అసలే వాడరాదు. పిండానికి హాని చేస్తుంది. మేత ఆపలేని జీవాలకు అదే మోతాదును 12 గంటల తేడాతో రెండోసారి ఇచ్చే పద్ధతి ఉంది. అది పశువైద్యుని సలహా మీద మాత్రమే జరగాలి.

తూకం తెలియకుండా మోతాదు లేదు

మేత ఎంత సరిచూసుకున్నా మోతాదు తగ్గితే లాభం లేదు. ఆవుకు టేపుతో కొలిచి బరువు అంచనా కట్టవచ్చు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, భుజం నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఛాతీ 60 అంగుళాలు, పొడవు 50 అంగుళాలు ఉన్న ఆవు సుమారు 272 కిలోలు. అల్బెండజోల్ కిలోకు 7.5 మిల్లీగ్రాముల లెక్కన దానికి 2,040 మిల్లీగ్రాములు కావాలి. నూటికి రెండున్నర పాళ్ల ద్రావణమైతే అది దాదాపు 82 మిల్లీలీటర్లు. పుంగనూరు పొట్టి ఆవుకూ, పెద్ద హోల్‌స్టీన్ సంకర ఆవుకూ ఒకే సీసా ఒకే కొలతలో పోస్తే ఒకదానికి ఎక్కువ, మరొకదానికి తక్కువ అవుతుంది.

గొర్రెల మందలో సగటు బరువు చూసి పోస్తే సగం మందకు మోతాదు తగ్గినట్లే. ఒకే ఈడు జీవాలను వేరుచేసి, వాటిలో అన్నిటికన్నా బరువైనదాన్ని తూచి, ఆ గుంపుకంతా ఆ కొలత వాడాలి. మేక సంగతి వేరు. అల్బెండజోల్ వంటి మందులను మేక ఒళ్లు గొర్రెకన్నా వేగంగా విరిచి బయటికి పంపుతుంది. అందుకే గొర్రె మోతాదు మేకకు చాలదు. ఈ కుటుంబం మందులను మేకకు గొర్రె మోతాదుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు సూచిస్తారు. లెవమిసోల్‌కు మాత్రం రెండు రెట్లు ప్రమాదకరం కాబట్టి పశువైద్యుని అడగనిదే పెంచరాదు.

లాభనష్టాల లెక్క

పాతిక కిలోల గొర్రెలు 50 ఉన్న మంద అనుకుందాం. మందు సరిగా పట్టక, అమ్మకం నాటికి జీవానికి 2 కిలోల చొప్పున తూకం తగ్గితే 100 కిలోలు పోయినట్లు. అంటే 4 గొర్రెలు సంతకు రాకుండానే పోయినట్లు లెక్క. పాడిలో చూస్తే, నట్టల వల్ల రోజుకు అర లీటరు చొప్పున 2 నెలలు తగ్గితే 30 లీటర్లు. లీటరుకు 35 రూపాయలు వచ్చే పక్షంలో 1,050 రూపాయలు. పాల కేంద్రాల్లో ధర వెన్న శాతం, ఇతర ఘనపదార్థాల మీద కట్టే చోట నీరసించిన ఆవు రైతుకు రెండు విధాల నష్టమే. సాయంత్రం ఒక పూట పచ్చిమేత ఆపడానికి మాత్రం ఖర్చేమీ లేదు.

మరో నష్టం నిదానంగా వస్తుంది. అరకొరగా తగిలిన మందును తట్టుకున్న పురుగులే తర్వాతి తరాన్ని కంటాయి. థయాబెండజోల్ వచ్చిన మూడేళ్లకే, 1964లో, ఆ మందుకు లొంగని హీమాంకస్ పురుగులు అమెరికాలో బయటపడ్డాయి. తర్వాత వచ్చిన ప్రతి కుటుంబం మందుకూ ఇదే జరిగింది. ఊళ్లో ఒక మందు పనిచేయడం మానేస్తే, దానిని తిరిగి పనిచేయించే ఉపాయం ఏ దుకాణంలోనూ దొరకదు.

అందుకే మందు పోసి వదిలేయకుండా 10 నుంచి 14 రోజుల తర్వాత కొన్ని జీవాల పెంటికలను విడివిడిగా కవర్లలో పట్టుకెళ్లి పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించాలి. మందుకు ముందు కూడా ఇలాగే లెక్క కట్టించి ఉంటే రెండూ పోల్చవచ్చు. గుడ్లు నూటికి 95 పాళ్లకు పైగా తగ్గితే మందు పనిచేసినట్లు. తగ్గకపోతే ముందుగా మోతాదు, మేత, పోసిన తీరు సరిచూసుకోవాలి. అవి సరిగా ఉండీ తగ్గకపోతే మందు కుటుంబం మార్చాలి. అదే కుటుంబంలో సీసా మీది పేరు మార్చినంత మాత్రాన ఫలితం ఉండదు.

మందు పడ్డాక మేత వైపు మళ్లీ చూడాలి. రక్తం కోల్పోయిన పశువు కోలుకోవడానికి మాంసకృత్తులు అవసరం. వేరుశనగ చెక్క, వేరుశనగ కట్టె, అవిశ ఆకు, సుబాబుల్ ఆకు మితంగా అందిస్తే పశువు త్వరగా తేరుకోవడమే కాక, నట్టలను స్వయంగా అదుపు చేసే శక్తి కూడా పుంజుకుంటుంది. మందుకు ముందు ఒక పూట తగ్గించిన మేతను ఆ తర్వాతి వారాల్లో మంచి మేతగా తిరిగి ఇవ్వడం రైతుకు లాభసాటి. చవితికి ముందే మందు పోసే తేదీ ఖాయం చేసుకున్నవారు, ఆ ముందురోజు సాయంత్రం కొట్టంలో ఏ మేత వేయాలో కూడా అప్పుడే నిర్ణయించుకోవడం మంచిది.